మూఢమిలో మరమ్మతు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లోనే ఉంటాను, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను, ఒక్కోరోజు ఉన్నట్టుండి అన్నం కూడా తినకుండా నాలో నేనే గొణుక్కుంటూ ఉంటాను. ఎదురింటావిడ ఒకసారి "నువ్వేటి సేస్తావమ్మా?" అని సూటిగానే అడిగింది. "మరమ్మతులండీ" అన్నాను. ఆవిడ వెంటనే లోపలికెళ్ళి పాడైపోయిన మిక్సీ తెచ్చింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. మా చిన్న కంపెనీ రక్తపరీక్షల ల్యాబ్‌లకి, క్లినిక్‌లకి రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే చాలా చోట్ల మాది వాడతారు. దాన్ని మేము ఒక ప్యాకేజీగా కట్టి పంపుతాం. ఆ ప్యాకేజీలో మేము సొంతంగా రాసింది కొంతే. మిగిలినదంతా లోకంలో ఎవరెవరో రాసి, అందరూ వాడుకోండని వదిలిన కోడ్. ఫోటో తెరవడానికి ఒకటి, ప్రింటు తీయడానికి ఒకటి. వాటిని లైబ్రరీలంటారు.

ఆ లైబ్రరీల్లో ఎక్కడో దొంగ దూరగల కంత ఉందని బయటపడుతుంది. రాసినవాళ్ళు దాన్ని పూడ్చి, పూడ్చామని ప్రకటిస్తారు. అంతటితో అయిపోయిందని జనం అనుకుంటారు. అవదు. బెల్లం దిమ్మలో ఇసుక ఉందని తెలిసి కొట్టువాడు దిమ్మ మార్చినంత మాత్రాన మనింట్లో నిన్న కట్టిన ఉండలు బాగుపడవు కదా. మళ్ళీ కట్టాలి. మా ప్యాకేజీలూ అంతే. ఏ లైబ్రరీ ఏ ప్యాకేజీలో కలిసి ఉందో వెతికి, దిద్దిన లైబ్రరీతో దాన్ని మొదటినుంచి మళ్ళీ కట్టి, పరీక్షించి, పంపాలి. ఆ పని నాది. ఇందులో తొందరెందుకంటే, ఆ ప్రకటనలు మేమే కాదు, దొంగలూ చదువుతారు. ఫలానా తలుపుకి గడియ వదులుగా ఉండేదని ఊరంతా దండోరా వేసినట్టే. ఆ క్షణం నుంచి పరుగు.

ఆ పరుగంటే నాకు ఇష్టమని ఒప్పుకోవాలి. ఆలస్యం నాకు సరిపడదు. కూర తరుగుతూ కబుర్లు చెప్పేవాళ్ళని, బస్సు కదిలాక చిల్లర వెతికేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడు నాకు ఈ బుద్ధినిచ్చి, పక్కనే మా నాన్నని పెట్టాడు.

మా నాన్న తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మా తాతల వరకూ గుళ్ళో అర్చన చేసిన కుటుంబం. నాన్న అర్చకత్వం వదిలి బడికి వెళ్ళారు కానీ పంచాంగం మాత్రం వదల్లేదు. నెల్లిమర్ల నుంచి గరివిడి దాకా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరూ పెళ్ళిళ్ళకి, శంకుస్థాపనలకి, కొత్త ట్రాక్టరు ఇంటికి తేవడానికి ఆయన్నే ముహూర్తం అడుగుతారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. ఎవరినీ తొందరపెట్టరు, తాను తొందరపడరు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు పంచాంగం తెరుస్తారు. ఈలోగా నేను రెండు ప్యాకేజీలు కట్టెయ్యగలను.

ఆయనకి గుండె కొట్టుకోవడం మందగించి ఒకప్పుడు పెరట్లో నూతి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పుడు విశాఖపట్నంలో ఎడమ భుజం కింద చర్మంలో చిన్న పెట్టె పెట్టారు. అందులోంచి సన్నని తీగ గుండెలోకి వెళుతుంది. గుండె ఆగబోతే అది తట్టి లేపుతుంది. అది పెట్టినప్పుడు మా అమ్మ ఉంది. ఇప్పుడు లేదు. ఆ పెట్టెలో బ్యాటరీ అయిపోవచ్చిందని మొన్నటి చెకప్‌లో తేలింది.

డాక్టరు చాలా ఓపిగ్గా చెప్పాడు. తీగ బాగుంది, దాని జోలికి పోనక్కర్లేదు. పాత కోత దగ్గరే తెరిచి, పాత పెట్టె తీసి, కొత్త పెట్టె అదే తీగకి తగిలించి మూసేస్తారు. "చిన్న పనే మాస్టారూ, కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి" అని రెండుసార్లు అన్నాడు. నాన్న బుద్ధిగా తలూపారు. కారెక్కి తలుపు వేసుకోగానే, "మూఢమి నడుస్తోంది. అది వెళ్ళేక చూద్దాంలే" అన్నారు.

మూఢమి అంటే గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయే రోజులు. ఆ రోజుల్లో మా వైపు పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, ఎవరూ ఏ కొత్త పనీ మొదలుపెట్టరు. కల్యాణమండపాలు తాళాలేసుకుని ఉంటాయి. నాకు దానిమీద కోపం లేదు. కానీ మా నాన్న గుండెకీ ఆకాశంలో శుక్రుడికీ లంకె పెడితే మాత్రం నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. కారులో అరిచాను. ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నారు. నాన్నతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ కూడా గెలవలేదు. వాదించడం మానేసి, తన పని తాను నెగ్గించుకునేది. ఆ విద్య నాకు రాలేదు.

ఆ రోజు నుంచి నేను ఆయన మెట్లెక్కుతుంటే చూడటం, స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగిపోతే చెవులు రిక్కించడం అలవాటు చేసుకున్నాను. చప్పుడు మళ్ళీ వినిపించేదాకా నా వేళ్ళు కీబోర్డు మీద కదిలేవి కావు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున్న ఆ వార్త వచ్చింది. ఫోటోలు తెరిచే లైబ్రరీలో పెద్ద కంత. ఎవరైనా కావాలని తయారుచేసిన ఫోటో పంపితే, మనం దాన్ని తెరిస్తే చాలు, కంప్యూటర్ వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోతుంది. మామూలు మనిషికి ఇది దూరపు భయం. ల్యాబ్ వాడికి కాదు. వాళ్ళకి తెల్లారి లేస్తే వచ్చేవి ఫోటోలే. డాక్టరు రాసిన చీటీ ఫోటో, పాత రిపోర్టు ఫోటో. ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి వస్తాయి, అన్నీ తెరవాల్సిందే. మనుషుల రోగాల వివరాలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి.

కాఫీ చల్లారిపోయింది. ఆ లైబ్రరీ కలిసిన ప్యాకేజీలు వెతికి, దిద్దినదాన్ని తెచ్చి, కట్టడం మొదలుపెట్టాను. మధ్యలో ఒకచోట మొరాయించింది. ఫైలు పేరు తెలుగులో ఉన్న ఫోటోలు తెరుచుకోవడం లేదు. మా వైపు ల్యాబ్‌ల్లో పేషెంటు పేరు తెలుగులో రాసుకుంటారు మరి. దాని సంగతి చూసి, మళ్ళీ కట్టి, పరీక్షలన్నీ దాటించి మధ్యాహ్నం భోజనాల వేళకి పంపించేశాను. సాయంత్రానికి దాదాపు అన్ని చోట్లా ఎక్కేసింది. మా పై అధికారి గ్రూపులో నా పేరు రాసి చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టాడు. నేనూ కాస్త పొంగాను. మా కంపెనీలో గొప్పగా చెప్పుకునేది ఈ వేగాన్నే: దిద్దుబాటు ప్రకటన వచ్చాక ఎంతసేపట్లో ప్యాకేజీ మళ్ళీ కట్టామన్నది.

మర్నాడు చూస్తే నెల్లిమర్ల ల్యాబ్ ఒక్కటి మిగిలిపోయింది.

ఆ ల్యాబ్ నడిపేది నాన్న పాత శిష్యుడే. జూట్ మిల్లు దారిలో చిన్న గది, బయట నాలుగు కుర్చీలు. వాళ్ళది గరివిడి అవతల వరి, నువ్వులు పండించే కుటుంబం. పొలం తమ్ముడికి వదిలి ఇతను ల్యాబ్ పెట్టాడు. మనిషి బంగారం. కానీ ఒకసారి జనం కిటకిటలాడే వేళ మా అప్‌డేట్ దానంతటది ఎక్కి ప్రింటర్ మొరాయించిందట. అప్పటినుంచి "నన్నడక్కండా ఏటీ ఎక్కించొద్దు" అని ఒట్టు పెట్టించుకున్నాడు. అందుకని అతని తెర మీద ప్రశ్న వస్తుంది: కొత్త ప్యాకేజీ సిద్ధంగా ఉంది, ఇప్పుడా, తర్వాతా? నిన్నటి నుంచి అతను "తర్వాత" నొక్కుతూనే ఉన్నాడు.

ఫోన్ చేశాను.

"సెల్లమ్మా, సూసినాను. ఎక్కిస్తాను. నెలాకర్లో ఎక్కిస్తాను" అన్నాడు.

"నెలాఖరేంటన్నా! అది ఎక్కించేదాకా మీరు ఏ ఫోటో తెరిచినా ప్రమాదమే. ఇప్పుడే నొక్కండి."

"ఇప్పుడు మూఢం కదమ్మా. కొత్తది ఎలగ ఎట్టుకుంతాను? ఊరికే అంతన్నానేటి? మీ నాన్నగారిని అడిగినాను. మేస్టారే రోజు సెప్పినారు."

నేను కాఫీ కూడా తాగకుండా మధ్యాహ్నానికల్లా కట్టిన ప్యాకేజీకి, పక్క గదిలో కూర్చుని మా నాన్న నెలాఖరుకి ముహూర్తం పెట్టారు.

నాన్న గది చాలా ప్రశాంతంగా ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"నెల్లిమర్ల ల్యాబ్‌కి మీరు ముహూర్తం పెట్టారా?"

"పెట్టేను. కంప్యూటర్లో ఏదో కొత్తది వచ్చింది మేస్టారూ, ఎప్పుడు మొదలెట్టమంటారన్నాడు. మూఢమి వెళ్ళేక మంచి రోజు చెప్పేను. ఏం, ఏమైంది?"

"అది కొత్తది కాదు నాన్నా! నేను కట్టింది! పాతదాన్నే మళ్ళీ కట్టాను!"

"అరవకే. పాతదే అయితే మళ్ళీ కట్టడమెందుకు?"

ఆయన ఆ ప్రశ్న ఎగతాళికి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగారు. ముహూర్తం అడగడానికి వచ్చినవాళ్ళని కూడా ఆయన ఇలాగే, పనేమిటో పూర్తిగా అర్థమయ్యేదాకా ప్రశ్నలు వేస్తారు. నేను పళ్ళు కొరుక్కుంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కంత సంగతి, దొంగ ఫోటో సంగతి, బెల్లం ఉండల సంగతి చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు.

"వాడి రిపోర్టులన్నీ ఎక్కడివక్కడే ఉంటాయా?"

"ఉంటాయి. వాటి జోలికి పోదు."

"వాడు పని చేసుకునే పద్ధతేమైనా మారుతుందా?"

"ఏమీ మారదు. ఎక్కించాక తేడా కూడా తెలీదు."

"మరి మార్చేదేమిటి?"

"లోపల పాడైన ముక్కని తీసి, బాగున్న ముక్క పెట్టి, మిగతాదంతా దానికే తగిలించి మూసెయ్యడం. అంతే."

చెబుతూ చెబుతూ ఈ మాటలు ఎక్కడో విన్నట్టే ఉన్నాయనిపించింది. ఎక్కడ విన్నానో ఆలోచించే ఓపిక అప్పుడు లేదు.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. పంచాంగం వైపు చెయ్యి కూడా చాపలేదు. "అయితే ఇది గృహప్రవేశం కాదే. పెంకులు సర్దించుకోవడం. దీనికి మూఢమేమిటి? ఫోన్ కలుపు వాడికి" అన్నారు.

కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"ఒరే, నేనురా" అన్నారు నాన్న. ఆ గొంతు విని చాలా ఏళ్ళయింది. ఆఖరి బెంచీ దాకా వెళ్ళే గొంతు. "నువ్వు కొత్తదంటే కొత్తదనుకున్నానురా. అది మరమ్మతట. ఇల్లు కారుతుంటే పెంకు మార్చుకోవడానికి ఎవడైనా ముహూర్తం అడుగుతాడా?"

"మరి తెర మీద కొత్తదనే రాసున్నాది మేస్టారూ. నంబరు కూడా మారినాది."

"నంబరు మారితే మారనీ. పెంకు మారిస్తే ఇల్లు మారదు. బాగుచేసుకునేదానికి మూఢమి లేదు, ఆషాఢం లేదు, అమావాస్య లేదు. ఎంత వేగిరం చేసుకుంటే అంత మంచిది. ఆలస్యం చెయ్యడమే దోషం. తెలిసిందా?"

"తెలిసినాది మేస్టారూ. నొక్కీమంతారా?"

"నొక్కు."

"నొక్కీసినాను. గీత నడస్తన్నాది."

తెర మీద ఆ గీత నిండుతుంటే ల్యాబ్‌లో ఎవరో దగ్గడం, బయట ఆటో వెళ్ళడం వినిపిస్తున్నాయి. ఈలోగా అతనే మాట కలిపాడు.

"మేస్టారూ, అన్నట్టు ఆ గుండెకాడ బేటరీ మార్పించాలన్నారు. మార్పించీసినారేటి?"

"మూఢమి వెళ్ళేక..." అన్నారు నాన్న.

అని ఆగిపోయారు.

నేను ఆయన మొహం చూడలేదు. జీవితంలో మొదటిసారి వాదనలో నేను గెలిచిన క్షణం అది. నోటిదాకా ఎన్నో మాటలు వచ్చాయి. ఒక్కటీ అనలేదు. గెలవాలని కూడా అనిపించలేదు. భయమేసింది, అంతే. ఇప్పుడు నేనేమైనా అంటే పౌరుషానికి పోయి ఆయన అసలే మానేస్తారేమోనని.

"ఎక్కీసినాది సెల్లమ్మా!" అని ఫోన్‌లో కేక. "ప్రింటరు కూడా బాగానే ఉన్నాది. ఉంటాను మేస్టారూ. జనం ఉన్నారు."

ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చి ఇచ్చాను. నాన్న గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

"రోగికి పట్టింపుల్లేవని నాకు తెలీదనుకున్నావా?" అన్నారు చివరికి. "నలుగురికీ చెప్పేవాణ్ణి నేనే కదే. మూఢమి కాదు. భయమే."

"డాక్టరు చిన్న పనన్నాడు కదా నాన్నా."

"పనికి కాదు. అప్పుడు లోపలికి తీసుకెళ్ళేటప్పుడు కళ్ళజోడు తీసెయ్యమన్నారు. తీసి మీ అమ్మకిచ్చేను. అది లేకపోతే నాకు మనుషులు మసగ్గా కనబడతారు. ఆ మసకలో కూడా తలుపు దగ్గర నీలం చీర కనబడింది. బయటికొచ్చేసరికి మళ్ళీ నీలం చీర కనబడింది. అది చూసుకుని ధైర్యంగా ఉన్నానప్పుడు." గ్లాసు కింద పెట్టారు. "ఇప్పుడు తలుపు దగ్గర ఎవరుంటారో ఏమిటో అని."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఇన్నాళ్ళూ పంచాంగంతో పోట్లాడుతున్నాననుకున్నాను. కారులో అన్నన్ని మాటలన్నాను కానీ, ఎందుకు నాన్నా అని ఒక్కసారి కూడా ఆయన నన్ను ప్రశ్నలేసినంత ఓపిగ్గా నేను అడగలేదు.

"నేనుంటాను కదా" అన్నాను.

"నీకు నీలం చీరుందా?"

"అమ్మదే ఉంది."

నేనే ఆసుపత్రికి ఫోన్ చేసి మాట్లాడాను. శుక్రవారం రమ్మన్నారు. నా పని తోటి ఉద్యోగికి అప్పగించాను. గురువారం సాయంత్రం బీరువాలోంచి అమ్మ చీర తీసి ఇస్త్రీ చేశాను. చీర కట్టడం నాకు సరిగ్గా రాదు. ఆసుపత్రి వరండాలో కుచ్చిళ్ళు రెండుసార్లు జారాయి. నాన్న చూసి నవ్వారు.

వాళ్ళు పిలిచేసరికి గోడ గడియారంలో పదిన్నర దాటింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమని మా ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలియకపోదు. గడియారం ఆయనకి ఎదురుగానే ఉంది. నర్సు కళ్ళజోడు తీసెయ్యమంది. ఆయన తీసి నా చేతిలో పెట్టారు. నేను తలుపు దగ్గర, ఆయనకి కనబడే చోట నిలబడ్డాను. ఒకటే ఆలోచన: ఇప్పుడు గానీ ఆగమంటే?

ఆగమనలేదు. నన్ను దాటేదాకా తల ఇటే తిప్పి చూస్తూ వెళ్ళారు.

బయట కూర్చుని ఆ కళ్ళజోడు కొంగుతో తుడిచాను. ఫోన్‌లో ఏవో సందేశాలు వస్తున్నాయి, మరేదో లైబ్రరీలో మరేదో కంత. నాకు బదులు చేస్తున్న అమ్మాయి మొదలుపెట్టానని రాసింది. మా పరుగు ఎప్పుడూ ఇంతే. ప్యాకేజీ కట్టి పంపిన చోట మేము గడియారం ఆపేస్తాం. అది చేరాల్సిన చోట ఒక మనిషి "తర్వాత" మీద వేలు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఎందుకు కూర్చున్నాడో మేము లెక్క కట్టం. ఆ లెక్క ఎలా కడతారో నాకిప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం ఆయన్ని బయటికి తీసుకొచ్చారు. భుజం కింద కొత్త కట్టు. మొహం వడిలిపోయింది. తలుపు దాటుతుండగానే తల ఇటు తిప్పి, కళ్ళు చికిలించి వెతికారు. నేను అక్కడే ఉన్నాను. దగ్గరికెళ్ళి కళ్ళజోడు పెట్టాను.

"కుచ్చిళ్ళు మళ్ళీ జారేయే" అన్నారు.

నవ్వాను. కాసేపాగి, ఎలాగూ తెలుస్తుంది కదా అని నేనే చెప్పాను. "నాన్నా, మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళినప్పుడు రాహుకాలం."

"తెలుసు. నువ్వు చూస్తావనే గడియారం వైపు చూడకుండా వెళ్ళేను. నేను చూస్తే ఎక్కడ ఆగమంటానోనని నీకు భయం కదే."